పొలం గట్టుకు ఫోన్ జీపీఎస్ సరిపోతుందా?

శాంతిపురంలో మా పొలం గట్టు మీద నిలబడి ఫోన్‌లో మ్యాప్ తెరిచా. నీలం చుక్క పక్కవాళ్ల పొలంలో ఉంది! నాన్న ముఖం మారిపోయింది.

ఫోన్‌కి 4 మీటర్ల తేడా మామూలే. కానీ 60 మీటర్ల గట్టు అంత జరిగితే దాదాపు 6 సెంట్లు పోయినట్టే. అందుకే 2020 డిసెంబర్‌లో మొదలైన ఏపీ భూముల రీసర్వేలో రోవర్లు వాడారు. రోవర్ పట్టుకునేదీ శాటిలైట్ సిగ్నల్సే. అయితే తానున్న చోటు కచ్చితంగా తెలిసిన కోర్స్ బేస్ స్టేషన్, సిగ్నల్‌లో వస్తున్న తప్పును లెక్కగట్టడానికి కావాల్సిన డేటాను నెట్‌లో పంపిస్తూ ఉంటుంది. దానితో రోవర్ రేడియో తరంగం ఫేజ్‌ను కొలిచి, సెంటీమీటర్లలో లెక్క తేలుస్తుంది. చింతచెట్టు కింద పెడితే మాత్రం దానికీ తిప్పలే!

డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్ కొన్నా, హద్దురాయి పాతేటప్పుడు సర్వేయర్‌నే పిలవండి.