పంచాయతీకి ప్రొజెక్టరు: ఎంపిక, అమరిక

1950 దశకములో ప్రచార వాహనము గ్రామమునకు వచ్చిన రాత్రి, జనులెల్లరు తెల్లని తెర యెదుట చేరి 16 మిల్లీమీటర్ల ఫిల్ములను తిలకించెడివారు. నేడు అట్టి సాధనము చేతిసంచిలో పట్టు పెట్టెగా లభించుచున్నది. వరంగల్లు ప్రాంతపు పంచాయతీలు దానిని కొనదలచినచో, ప్రజాధనము వ్యర్థము కాకుండుటకు కొన్ని విషయములు తెలిసికొనవలెను.

మొదటిది కాంతి. దీనిని ల్యూమెనులలో కొలుతురు. ప్రకటనలలోని పెద్ద అంకెలను నమ్మక, అన్సీ లేక ఐ.ఎస్.ఓ. ప్రమాణము ననుసరించిన సంఖ్యను అడుగవలెను. బొమ్మ వెడల్పును, ఎత్తును రెట్టింపు చేసినచో అదే కాంతి నాలుగింతల స్థలమున పరచుకొని, వెలుగు నాలుగవ వంతగును. తోలుబొమ్మలాట చీకటిలోనే రక్తికట్టునని మన పెద్ద లెరుగుదురు; ప్రొజెక్టరుకును అదే ధర్మము. పగటి సమావేశములకు కిటికీలు మూసినను 3,000 ల్యూమెనులకు తక్కువ కానిది మేలు.

రెండవది దూరము. పెట్టెపై త్రో నిష్పత్తి 1.5 అని యున్నచో, 8 అడుగుల వెడల్పు బొమ్మకు 12 అడుగుల దూరము కావలెను. కావున ముందుగా గదిని కొలుచుకొనుడు.

అమర్చునపుడు యంత్రమును తెరకు సూటిగా, సమతలముగా నుంచవలెను. వాలియున్నచో బొమ్మ ఒక ప్రక్క వెడల్పగును. గాలి రంధ్రములను మూయరాదు. లోపల బల్బు గల రకమైనచో, పంకా ఆగువరకు విద్యుత్తు తీసివేయరాదు.

సొమ్ము చెల్లించుటకు పూర్వమే పంచాయతీ భవనములో వేయించి చూడుడు. గ్రామసభలో చివరి వరుసనున్న వృద్ధుడు సైతము జమాఖర్చుల అంకెలను చదువగలిగిననాడే ఆ కొనుగోలు సార్థకము.