కాపురపు టిల్లా, సత్రమా?

లండను నగరమున గృహయజమాని యెవడైనను తన యిల్లును ఏటికి 90 రాత్రులకు మించి యాత్రికులకు అద్దె కిచ్చినచో, ముందుగా స్థానిక సంస్థవారి ప్రణాళికానుమతి పొందవలెను. ఈ మాట వినినతోడనే మన చదువరులలో ఇండ్లు వాకిండ్లు గలవారు "నా యిల్లు, నా తాళము; నడుమ ఊరివారి కేమి పని?" అని యడుగక మానరు. ప్రశ్న సమంజసమైనదే.

దీనికి ఆంగ్లేయులు 1947లోనే సమాధానము చెప్పుకొనిరి. ఆ యేటి పట్టణ గ్రామ ప్రణాళికా శాసనము 1948 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము నేల యజమానిదే, ఇల్లు యజమానిదే. కాని వాని వినియోగమును మార్చు విషయమున మాత్రము ప్రజలకును పాలు గలదు. ఒక్క యిటుక కదల్పకపోయినను, వినియోగమున గణనీయమైన మార్పు కలిగెనా, అనుమతి కావలసినదే. ఆస్తిహక్కును వేదవాక్యముగ నెంచు దేశమే యిట్టి కట్టడికి లోబడుట గమనింపదగినది. పెరటిలోని కొట్టమును ఇనుపకొలిమిగా మార్చిన పొరుగువాడు గలవారికి దీని యుక్తాయుక్తములు మేము వేరుగ విన్నవింప నక్కరలేదు.

మరి నాలుగు దినములుండి పోవువారికి ఇల్లిచ్చుట గణనీయమైన మార్పగునా? ఇంగ్లండులోని యితర ప్రాంతములందు దీనికి ఏకవాక్యమైన సమాధానము లేదు. అది ఆయా యింటి వినియోగరీతినిబట్టి తేల్చవలసినదే యని 2012లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. లండనున కట్లు కాదు. సొమ్ము పుచ్చుకొని, ఒకే మనిషికి వరుసగా 90 రాత్రులకు తక్కువగ నివాసగృహమున పడకచోటిచ్చుట గణనీయమైన మార్పే యని 1973 నాటి మహాలండను శాసనము, 25వ విభాగమున, తెగవేసి చెప్పినది. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్‌బీఎన్‌బీ పుట్టుటకు ముప్పదియైదేండ్ల పూర్వపు మాట యిది! 2015లో పార్లమెంటు ఈ ముడిని కొంత సడలించెను. కౌన్సిలు పన్ను చెల్లింప బాధ్యుడైనవాడే యిచ్చుచు, ఆ సంవత్సరములోని రాత్రులన్నియు కలిపి 90 మించనిచో అనుమతి యక్కరలేదు.

ఈ సడలింపు న్యాయమైనదనియే మా యభిప్రాయము. వేసవిసెలవులకు స్వస్థలము పోవు ఉపాధ్యాయుడు తన యిల్లు తాళము వేసికొని పోవుటకంటె, నెలదినములు ఎవరికైన నిచ్చి నాలుగు కాసులు గడించిన తప్పేమి? ఇల్లు ఇల్లుగనే యుండును. అతడు మరల వచ్చి అందు కాపురముండును. చిక్కు వేరొకచోట నున్నది. ఒక్కడే పది యిండ్లు సంపాదించి, ఒక్కదానియందును తాను నివసింపక, అన్నిటిని యేడాది పొడుగున రాత్రికింతయని యిచ్చుచుండిన, అది పేరు లేని సత్రమే గదా! అంతస్తుల భవనములలో మెట్లమీద దినమున కొక క్రొత్త ముఖము, అర్ధరాత్రి పెట్టెల చప్పుడు. పొరుగువా డెవడో పొరుగువానికి తెలియదు. ఇంతకంటె గొప్ప నష్టము కిరాయిదారునిది. వారమునకు వచ్చు సొమ్ము నెల అద్దెను మించిన తావున, నెల కిరాయిదారు నెవడు కోరును? లండనునకు చదువునకై పోవు మన తెలుగు బిడ్డలును గదుల నన్వేషించుచు తిరుగునది ఆ నగరముననే.

కావున హద్దు ఉండవలసినదే. అయితే 90 రాత్రులను లెక్కించువా డెవ్వడు? మహాలండనున 33 స్థానిక సంస్థలున్నవి. ఏ యింట ఏ రాత్రి ఎవరు పండుకొనిరో వారి పుస్తకములలో లేదు. ఆ లెక్క వ్యాపారసంస్థల యంత్రములలో నున్నది. ఎయిర్‌బీఎన్‌బీవారు 2017నుండి లండనున 90 రాత్రులు నిండగనే సంపూర్ణగృహముల బేరమును తామే నిలుపుచున్నారు. మెచ్చుకొనదగినదే, కాని ఒక దుకాణమున 90 ముగించినవాడు మరియొక దుకాణమునకు పోకుండ ఆపువారెవరు? ఇరుగుపొరుగువారి ఫిర్యాదులపైననే ఆధారపడిన శాసనము దొరలు కుంటుచు నడుచునట్లు నడుచును.

న్యూయార్కువారు ఈ కిటుకు గ్రహించిరి. 2022నాటి 18వ స్థానికశాసనమును 2023 సెప్టెంబరునుండి అమలు జరిపి, నగరమున నమోదు కాని యింటికి స్వల్పకాలపు బేరము కుదుర్ప వ్యాపారసంస్థలకే వీలులేదనిరి. భారము యజమానిమీదనే కాక మధ్యవర్తిమీదను మోపిరి. స్కాట్లండు రాజధానియైన ఎడింబరో మరియొక దారి త్రొక్కినది: 2022 సెప్టెంబరు 5నుండి ఆ నగరమంతయు నియంత్రణప్రాంతము, అచ్చట తాను కాపురముండని యిల్లును స్వల్పకాలమున కిచ్చుటకు అనుమతి తప్పనిసరి. ఇంగ్లండున కూడ 2023నాటి శాసనము ఇట్టి గృహముల పట్టికను నిర్మించుటకు ప్రభుత్వమున కధికార మొసగినది. ఆ పట్టికలో వ్యాపారసంస్థలన్నిటి రాత్రుల లెక్కయు ఒక్కచోటికి చేరి, స్థానికసంస్థల చేతికి అందవలెను. అప్పుడు గాని 1973లో వ్రాసికొనిన 90 అను అంకెకు లండనున ప్రాణము రాదు.