లాక్‌డౌన్‌లో మన హక్కులు ఏమయ్యాయి?

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. కరోనా కట్టడి కోసం ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజుల పాటు దేశంలో ఎవరూ ఇల్లు కదలొద్దన్నారు. సర్దుకోవడానికి జనానికి మిగిలింది నాలుగు గంటలు.

ఆ రాత్రితో హక్కులన్నీ రద్దయ్యాయని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రాజ్యాంగం 352వ అధికరణ కింద అత్యవసర పరిస్థితి ప్రకటించాలంటే యుద్ధమో, విదేశీ దాడో, సాయుధ తిరుగుబాటో కారణం కావాలి. అందులో అంటురోగం లేదు, 2020లో ఆ ప్రకటనా రాలేదు. పైగా 1978 నాటి 44వ సవరణ తర్వాత, అత్యవసర పరిస్థితిలో సైతం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును పక్కన పెట్టడానికి వీల్లేదు.

మరి దేశం మొత్తాన్ని ఏ అధికారంతో ఆపారు? రెండు మామూలు చట్టాలతో. మొదటిది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. భూకంపాలు, తుఫానులు, సునామీల వంటివాటిని మనసులో పెట్టుకుని రాసినది. రెండోది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు పాకినప్పుడు బ్రిటిషు ప్రభుత్వం హడావిడిగా తెచ్చిన నాలుగు సెక్షన్ల చట్టం అది. అధికారులు ఏం చేయవచ్చో చెప్పింది, వాళ్ల మీద కేసు వేయకుండా రక్షణ ఇచ్చింది. రోగికి, రోగం పేరుతో పని పోగొట్టుకున్నవాడికి ప్రభుత్వం ఏం బాకీ పడిందో ఒక్క మాటా చెప్పలేదు.

రోగాన్ని ఆపడానికి రాకపోకలను కట్టడి చేయడం తప్పు కాదు. ప్రజాప్రయోజనం కోసం సంచార స్వేచ్ఛ మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19వ అధికరణే అంటుంది. ఆంక్ష సరైనదా కాదా అని తూచడానికి 2017లో గోప్యత హక్కు మీద నడిచిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలమానం మనకు పనికొస్తుంది. దాని వెనుక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆంక్ష ఆ అవసరాన్ని దాటకూడదు. లాక్‌డౌన్‌కు మొదటి రెండూ ఉన్నాయి. మూడోదాని దగ్గరే మనం తీవ్రంగా విఫలమయ్యాం. ఇంట్లో ఉండమన్న ప్రభుత్వం ఆ ఇంట్లో పొయ్యి వెలిగే దారి కూడా చూడాలి. అద్దె గదిలో పది మంది సర్దుకునే కూలీకి, రోజు కూలి ఆగితే మర్నాడు బియ్యం ఉండని మనిషికి, ఇంట్లో ఉండు అన్న ఆజ్ఞ మనకు వినిపించినట్టు వినిపించదు.

పూర్తి జీతం ఇవ్వాలని యజమానులకు, నెల రోజుల అద్దె అడగొద్దని ఇళ్లవాళ్లకు మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. జీతం చెల్లించడానికి ప్రభుత్వం నుంచి యజమానికి సాయమేమీ లేదు. మే 18 నుంచి ఆ ఉత్తర్వు అమల్లో లేకుండా పోయింది. ఉచిత రేషన్ ప్రకటించారు, కానీ ఎక్కువమంది కూలీల కార్డులు సొంతూళ్లలో ఉన్నాయి. కార్డు లేని వలస కూలీలకూ తలా ఐదు కిలోల తిండిగింజలు ఇస్తామని కేంద్రం చెప్పేసరికి మే సగమైంది.

ఆలోపే నడక మొదలైంది. ములుగు జిల్లా మిరప తోటల్లో కాయలేరడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ నుంచి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక, తోటివాళ్లతో అడవి దారిన మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న ఊరు చేరకముందే చనిపోయింది. ఆ పిల్లకు కరోనా లేదు. మే 8న మహారాష్ట్రలోని ఔరంగాబాద్ దగ్గర, నడిచి నడిచి పట్టాల మీదే నిద్రపోయిన 16 మంది కూలీల మీది నుంచి గూడ్సు రైలు వెళ్లింది.

న్యాయస్థానం అప్పుడు ఎక్కడుందని అడగడం మన హక్కు. మార్చి 31న, రోడ్ల మీద ఎవరూ నడవడం లేదని కేంద్రం చెప్పిన మాటను సుప్రీంకోర్టు నమ్మింది. కూలీల కష్టాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకున్నది మే 26న. ఛార్జీలు వసూలు చేయొద్దని, పదిహేను రోజుల్లో అందర్నీ ఇళ్లకు చేర్చాలని, నడిచారన్న నేరానికి పెట్టిన కేసుల ఉపసంహరణను పరిశీలించాలని చెప్పింది. మంచి ఆదేశాలే. అవి రెండు నెలలు ఆలస్యంగా వచ్చాయి.

ఈ మధ్యలో కూలీలకు దారి చూపింది వాళ్ల నిరసనే అని నా అభిప్రాయం. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కార్మికులు జీతాలివ్వండి, ఇళ్లకు పంపండి అంటూ ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో వలస కూలీల కోసం నడిపిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది బయల్దేరింది.

సెప్టెంబరులో పార్లమెంటు సమావేశమైనప్పుడు, దారిలో చనిపోయిన కూలీలు ఎంతమంది అని సభ్యులు అడిగారు. అలాంటి లెక్క లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. సొంత రాష్ట్రాలకు తిరిగొచ్చినవాళ్లు కోటీ నాలుగు లక్షల పైమాటేనని మాత్రం చెప్పగలిగింది. నిజానికి వేరే రాష్ట్రం నుంచి కూలీలను తెచ్చుకునేవాళ్లు వాళ్ల వివరాలు నమోదు చేయించాలని, ప్రయాణ భత్యం ఇవ్వాలని 1979లోనే చట్టం చేసుకున్నాం. ఒడిశా నుంచి ఏటా తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల విషయంలో ఆ చట్టం సరిగ్గా నడిచి ఉంటే, ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో ప్రభుత్వం దగ్గరే జాబితా ఉండేది.

ఆంక్షలు అదుపు తప్పితే ఏమవుతుందో తమిళనాడులోని సాత్తాన్‌కుళం చూపింది. సమయం దాటి దుకాణం తెరిచారని 2020 జూన్‌లో పోలీసులు పట్టుకెళ్లిన తండ్రీకొడుకులు కస్టడీలో దెబ్బలు తిని చనిపోయారు. గుజరాత్ ప్రభుత్వం లాక్‌డౌనే అదనుగా అదనపు గంటలకు రెట్టింపు కూలి అక్కర్లేదంది. అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2021 ఏప్రిల్ 30న, ఆక్సిజన్ కోసం సోషల్ మీడియాలో వేడుకున్నవారిని వేధిస్తే కోర్టు ధిక్కారమేనని హెచ్చరించింది. టీకా ఎవరికీ బలవంతంగా వేయకూడదని 2022 మేలో తేల్చింది.

1897 చట్టం చాలదని, మార్చాలని లా కమిషన్ 2024లో తన 286వ నివేదికలో చెప్పింది. అంటురోగాల నివారణ ఉమ్మడి జాబితాలోని అంశం, కాబట్టి పార్లమెంటూ చట్టం చేయవచ్చు, మన శాసనసభలూ చేయవచ్చు. ఆంక్షలకు గడువు, వాటికి చట్టసభ ఆమోదం, ఆపిన కూలికి పరిహారం, కార్డు ఏ ఊరిదైనా బియ్యం, చనిపోయినవారి లెక్క చెప్పే బాధ్యత ఆ కొత్త చట్టంలో రాసి ఉండాలి. ఓటు అడగడానికి వచ్చే ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థులను దీని గురించి తప్పకుండా అడగండి.