రాతిలోని నీరు

చీరాల వాడరేవు గాలికి ఇనుప కిటికీకమ్ములు త్వరలోనే తుప్పు పట్టును. ఆ తుప్పు ఇనుము, ఆక్సిజనులతోబాటు ఉదజనిని గూడ ఇముడ్చుకొన్న పదార్థము. విశాఖ మన్యపు బాక్సైటు కూడ అట్టిదే. అందలి ముఖ్యఖనిజమగు గిబ్సైటును నూరు గ్రాములు గట్టిగా కాల్చినచో సుమారు 35 గ్రాముల నీరు ఆవిరియై పోవును. మరి ఆ నీరు రాతిలో ఎక్కడ నున్నది?

ఎక్స్ కిరణములకు ఉదజని సరిగా కానరాదు. దానికున్నది ఒకే ఎలక్ట్రాను. కాని దాని కేంద్రకమగు ప్రోటాను ఒక చిన్న అయస్కాంతము. బలమైన అయస్కాంతక్షేత్రమున నుంచి రేడియో తరంగములను పంపినచో, మన యింటి రేడియో వలెనే, తన శ్రుతికి మాత్రమే పలుకును. నీటి అణువులో రెండు ప్రోటానులు మిక్కిలి చేరువగా నుండుటచే ఆ పలుకు రెండుగా చీలును. 1948లో పేక్ అను శాస్త్రజ్ఞుడు జిప్సములో దీనిని చూపెను. గిబ్సైటులో అట్టి చేరువ జంటలు లేవు. అందున్నవి విడివిడి హైడ్రాక్సిలులే. కాల్చినప్పుడే అవి కలిసి నీరగును! 'జలయుత ఆక్సైడు' అను పాత పేరు మనలను కొంత మోసపుచ్చినదనవలె.

ఘనపదార్థమున శ్రుతులు కలగాపులగమగును. అందుచే నమూనాను 54.7 డిగ్రీల వంపున అతివేగముగా త్రిప్పుదురు. పిమ్మట గణనయంత్రము ప్రోటానులను వేర్వేరు చోట్ల నుంచి, ఏ యమరికకు ఏ శ్రుతి వచ్చునో లెక్కగట్టును. ప్రయోగముతో సరిపడిన అమరికయే నమ్మదగినది. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఇట్టి పరిశోధన జరుగుచున్నది. మన కిటికీ తుప్పు మాత్రము అంత సులభముగా లొంగదు. ఇనుము యొక్క అయస్కాంతత్వము ప్రోటాను పలుకును ముంచివేయును.