పాత వాద్యాలకు కొత్త సవాల్!

1991లో వచ్చిన ఫ్రెంచి చిత్రం 'తూ లె మతాన్ దు మోండ్' ఏడు సీజర్ అవార్డులు గెలుచుకుంది. అందులో అసలు హీరో ఓ వాద్యం... వయోలా ద గాంబా! కాళ్ళ మధ్య నిలబెట్టి కమానుతో వాయించే దీన్ని చెల్లో ఎప్పుడో మూలకు నెట్టేసింది.

దాన్ని మళ్ళీ పలికించింది స్పెయిన్ కళాకారుడు జోర్డి సవాల్. పేరుకు తగ్గ మనిషే! భార్య, గాయని మోన్సెరాట్ ఫిగేరాస్‌తో కలిసి 1989లో 'లె కాన్సేర్ దె నాసియోన్' వాద్యబృందం పెట్టారు. ఏ కాలపు సంగీతానికి ఆ కాలపు వాద్యాలే! ఉక్కు తీగెలు కాదు, పేగు తీగెలు. వాతావరణం మారితే చాలు, శ్రుతి జారుతుంది. అయినా పట్టు వదల్లేదు.

2011లో ఫిగేరాస్ కన్నుమూశారు. బృందం మాత్రం ఆగలేదు. ముప్ఫయ్యో ఏట, 2019లో, బీథోవెన్ సింఫనీల ప్రత్యేక కచేరీలు మొదలయ్యాయి. అనుభవజ్ఞుల పక్కనే పలు దేశాల కుర్రకారునీ కూర్చోబెట్టారు. అద్దాల బీరువాలో వాద్యం బతకదు... కొత్త చేతులు పడాలి మరి!