గురికి మూలం నిలకడే
విలువిద్యలో శరీర భంగిమదే కీలక పాత్ర
బలానికి మించిన విల్లుతో పిల్లల భుజాలకు చేటు

విజయవాడ: కొత్తగా విల్లు పట్టిన చిన్నారి చూపు తొలుత లక్ష్యంపైనే నిలుస్తుంది. బాణం పక్కకు పోతే గురి కుదరలేదని బాధపడటం పరిపాటి. అయితే లోపం చాలాసార్లు కంటిలో కాక పాదాల వద్దో, భుజం వద్దో ఉంటుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన బొమ్మదేవర ధీరజ్ విజయవాడ క్రీడాకారులే. వారి స్ఫూర్తితో విల్లు పట్టే పిల్లలు మొదట నేర్వవలసింది సరిగా నిలబడటమే.

వెంట్రుకవాసి తేడా
ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లుతో 70 మీటర్ల దూరం నుంచి బాణం వేయాలి. లక్ష్యం వ్యాసం 122 సెంటీమీటర్లు కాగా, 10 పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు మాత్రమే. బాణం దిశ డిగ్రీలో పదో వంతు తప్పినా లక్ష్యం వద్ద సుమారు 12 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అంటే 10 పాయింట్లు చేజారినట్టే.

పాదాల నుంచి మోచేతి వరకు
కుడిచేతి వాటం వారు ఎడమ భుజం లక్ష్యం వైపు ఉండేలా నిలబడాలి. పాదాల మధ్య భుజాల వెడల్పంత ఎడం ఉంచి, బరువును రెండు కాళ్లపై సమానంగా మోపాలి. నడుము వెనక్కి వాల్చరాదు. విల్లును పిడికిట బిగించక, బొటనవేలి మొదటి కండపై ఆనించాలి. గట్టిగా పట్టుకుంటే బాణం వదిలే క్షణంలో విల్లు మెలి తిరుగుతుంది. విల్లు పట్టిన భుజం చెవివైపు లేవకుండా కిందికే ఉండాలి.

నారిని మూడు వేళ్లతో లాగి, చేతిని దవడ కింద ప్రతిసారీ ఒకే చోట ఆనించాలి. అప్పుడు లాగిన మోచేయి బాణానికి సూటిగా వెనుక వరుసలోకి రావాలి. ఈ వరుస కుదిరితే విల్లు బరువును ఎముకలు, వీపు కండరాలు మోస్తాయి. కుదరకుంటే భారమంతా చేతి కండరాలపై పడి వణుకు మొదలవుతుంది. బాణం వదిలాక కూడా అది లక్ష్యాన్ని తాకే వరకు భంగిమ చెదరరాదు.

తొందర వద్దు
బలానికి మించిన విల్లు లాగే పిల్లలు నడుము వంచి, భుజం ఎగదోసి లాగుతారు. ఆ అలవాటు స్థిరపడితే మాన్పించడం కష్టం. పైగా భుజం నొప్పి ముదిరితే ఆటకే దూరం కావలసి వస్తుంది. అందుకే తేలికపాటి విల్లుతో ఆరంభించి, అతి సమీపం నుంచి గురి వలయాలు లేని దిమ్మెపైకి బాణాలు వేయిస్తూ భంగిమ కుదిరాకే దూరం పెంచాలి. బాణం లేకుండా నారిని లాగి వదలడం ప్రమాదకరం. విల్లు విరిగి గాయాలయ్యే అవకాశం ఉంది.

సాధన చివర్లో భుజం పైకి లేస్తున్నా, చేయి వణుకుతున్నా ఆ పూటకు విల్లు దించించడమే మేలు. బిడ్డకు ఎన్ని పాయింట్లు వచ్చాయని అడిగే తల్లిదండ్రులు, భుజం నొప్పిగా ఉందా అని కూడా అడగడం అవసరం.