చిన్న ఇంజను, పొడవాటి బండి, కొత్త చెయ్యి

సావనీరుకు వ్యాసం రాస్తానంటే, మా లెక్చరరు గారొకరు "ఏ విషయం మీద?" అని అడిగారు. మోటారు సైకిలు మీద అనగానే నవ్వారు. "సార్, మన విద్యార్థుల్లో కవిత్వం జోలికి పోనివాళ్లు చాలామంది ఉన్నారు గానీ, బండి జోలికి పోనివాళ్లు ఎందరున్నారో చెప్పండి" అన్నాను. ఆయన కూడా బండి మీద వచ్చేవారే గనుక మారు మాట్లాడలేదు.

క్లాసు రూము బయట మనం ఎక్కువగా మాట్లాడుకునేది బండ్ల గురించే. అయితే ఆ మాటల్లో మైలేజీ, పికప్పు, రంగు తప్ప మరొకటి వినపడదు. బండి ఎందుకలా నడుస్తుంది, ఎందుకలా ఆగుతుంది, చట్టం ఏమంటుంది అన్న సంగతులు ఎవరూ ఎత్తరు. అందులోనూ కొత్తగా నేర్చుకునేవాళ్లు మోజుపడే ఆ పొడవాటి బండి, అదే క్రూయిజరు, గురించి అపోహలు మెండు. నేను సెకండ్ హ్యాండులో కొన్న అవెంజర్ స్ట్రీట్ 160 మీద సికిందరాబాదు రోడ్లలో నేర్చుకున్నవాణ్ని. కాబట్టి నాకు తెలిసినంత వరకు విప్పి చెబుతాను.

క్రూయిజరు అంటే ఏమిటి?

ఇది అమెరికాలో పుట్టిన రూపం. 1903లో మిల్వాకీ నగరంలో మొదలైన హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ పేరు వినగానే మన కళ్ల ముందు నిలిచే ఆకారమే ఇది: కిందికి దిగిన సీటు, ముందుకు చాచిన కాళ్లు, పైకి లేచిన హ్యాండిలు, ముందుకు సాగిన ఫోర్కు. గంటల తరబడి నేరుగా సాగే రోడ్ల కోసం ఏర్పడిన కూర్చునే తీరు అది.

తర్వాత జపాను కంపెనీలు దీన్ని చిన్న ఇంజనుకు తగ్గట్టు మలిచాయి. 1985లో వచ్చిన హోండా రెబెల్ 250 అమెరికాలో బండి నేర్పే స్కూళ్లలో ఎంతోమందికి మొదటి బండి అయింది. మన దేశంలో 2001లో కవాసాకీ బజాజ్ ఎలిమినేటర్ 175 సీసీ ఇంజనుతో వచ్చింది. మరుసటి ఏడాది యమహా ఎంటైసర్, రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ వచ్చాయి. ఎలిమినేటర్ వారసత్వంగా 2005లో 180 సీసీ అవెంజర్ దిగింది. అదే 2007లో 200, 2010లో 220 అయింది. 2015లో 150 సీసీ రకం వచ్చింది, 2019లో 160 వచ్చింది. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 వచ్చింది. అంటే మధ్యతరగతి కుర్రాడికి ఈ ఆకారం అందుబాటులోకి వచ్చింది ఈ శతాబ్దంలోనే.

కొలతలు చెప్పే కథ

మనందరికీ తెలిసిన స్ప్లెండర్‌ను పక్కన పెట్టి చూద్దాం. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, అవెంజర్‌ది 737. తేడా రెండంగుళాలే గదా అనిపిస్తుంది. కానీ సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనడానికీ, మునివేళ్ల మీద నిలబడడానికీ మధ్య ఉన్న తేడా ఆ రెండంగుళాలే. కొత్తవాడి భయంలో సగం అక్కడే పోతుంది. పొట్టివాళ్లకైతే ఇది వరమే.

ఇక రెండో వైపు. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, అవెంజర్ 160 బరువు సుమారు 156. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరం స్ప్లెండర్‌లో 1236 మిల్లీమీటర్లయితే, అవెంజర్‌లో దాదాపు ఒకటిన్నర మీటరు. ఈ పొడవు వల్ల, ఫోర్కు వాలు వల్ల బండి నేరుగా పోయేటప్పుడు రైలులా నిలకడగా ఉంటుంది. అదే పొడవు మోండా మార్కెట్ సందుల్లో శత్రువవుతుంది. స్ప్లెండర్ వాడు ఒక్క ఊపులో తిరిగిపోయే చోట మనం కాలు దించి, వెనక్కి నెట్టి, మళ్లీ తిప్పుకోవాలి. వెనక ఆటోవాడి హారను సరేసరి!

కాళ్లు ముందుకు చాచి ఉండడంలోనూ ఒక చిక్కుంది. మామూలు బండి మీద గుంత రాగానే ఫుట్‌రెస్టుల మీద లేచి, ఆ కుదుపును మోకాళ్లకు అప్పగించవచ్చు. క్రూయిజరు మీద అలా లేవడం కుదరదు. కుదుపంతా నడుముకే. కాబట్టి స్పీడు బ్రేకరుకు ముందే వేగం తగ్గించడం ఒక్కటే మార్గం.

"చిన్న ఇంజనుతో పెద్ద బండి, లాగుతుందా?" అని చాలామంది అడుగుతారు. 160 సీసీలో వచ్చేది సుమారు 15 హార్స్‌పవర్. ఊళ్లో తిరగడానికి అది ధారాళం. హైవే మీద లారీని దాటడానికి మాత్రం ముందుచూపు కావాలి. నన్నడిగితే నేర్చుకునేవాడికి అదే మేలు. పవరు తక్కువైనప్పుడు ఆలోచన ఎక్కువవుతుంది.

చట్టం ఏమంటుంది?

బ్రిటన్‌లో నేర్చుకునేవాళ్లు 125 సీసీకి మించిన బండి సొంతంగా రోడ్డు మీదికి తీయరాదు. దశలవారీగా పరీక్షలు ప్యాసైతేనే పెద్ద బండి. జపానులో 400 సీసీ దాటితే వేరే లైసెన్సు. మన దేశంలో అలాంటి మెట్లు లేవు. 18 ఏళ్లు నిండి, గేరు బండికి లైసెన్సు దొరికిందంటే 100 సీసీ అయినా 1000 సీసీ అయినా ఒకటే. చట్టం గీయని గీతను మనమే గీసుకోవాలి. చిన్న ఇంజనుతో మొదలుపెట్టమని నేననడానికి కారణం అదే.

ముందుగా ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. మన సికిందరాబాదు వాళ్లకు ఆర్టీఏ ఆఫీసు తిరుమలగిరిలో ఉంది. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత పర్మనెంటు లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. ఈ లోగా బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. చాలామంది దాన్ని నామోషీగా భావించి చిన్న స్టిక్కరుతో సరిపెడతారు. నిజానికి వెనక వచ్చేవాడు కాస్త దూరం పాటించేలా చేసేది ఆ అక్షరమే.

ఇంకొక ముఖ్యమైన సంగతి. లెర్నరు తన వెనక నేర్పేవాణ్ని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని ట్యాంక్‌బండ్ మీద షికారు కొట్టడం ఆ ఆరు నెలలూ కుదరదన్నమాట. ఇది చాదస్తం కాదు. వెనక 60 కిలోల మనిషి ఎక్కితే బండి బరువు పంపకం మారిపోతుంది, ఆగే తీరు మారుతుంది, వంగే తీరు మారుతుంది. ఒంటరి బండి చేతికి రాకుండానే జంట బండి నేర్చుకోలేం.

ఇక "మామా, ఒక్క రౌండ్ ఇవ్వరా" అనే మిత్రుల గురించి. లైసెన్సు లేనివాడికి తాళం చెవి ఇవ్వడం ఇచ్చినవాడికీ నేరమే. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు కంపెనీ అతనికి డబ్బు కట్టి, ఆ మొత్తం బండి యజమాని దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు తీర్పు ఇవ్వవచ్చు. యజమాని అంటే ఎవరు? చాలాసార్లు మన నాన్నగారు. ఒక్క రౌండుకు ఒక ఇల్లు తాకట్టు పడే అవకాశం ఉందన్నమాట. మొహమాటం లేకుండా "లేదు" అనడం నేర్చుకోండి.

ఆగడం నేర్చుకోకుండా పోవడం నేర్చుకోవద్దు

"ముందు బ్రేకు పడితే పల్టీ కొడతావు" అన్నది తరతరాలుగా వస్తున్న మాట. అందుకే సగం మంది వెనక బ్రేకునే నమ్ముకుంటారు. అసలు జరిగేది వినండి. బండి ఆగేటప్పుడు బరువు ముందుకు వాలుతుంది. బరువు పడిన చక్రానికే రోడ్డు మీద పట్టు ఎక్కువ, కాబట్టి ఆపే శక్తి కూడా ముందు చక్రానికే ఎక్కువ. క్రూయిజరు పొడుగ్గా, కిందికి ఉండటం వల్ల మిగతా బండ్ల కంటే వెనక బ్రేకుకు కొంచెం ఎక్కువ పని దొరుకుతుంది. అయినా పెద్ద పాత్ర ముందుదే. అమాంతం గుంజకుండా, తడి బట్టను పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించాలి. హ్యాండిలు నేరుగా ఉండాలి.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. చక్రం బిగుసుకుపోకుండా అది బ్రేకును వదులుతూ పడుతూ ఉంటుంది. అయితే అవెంజర్ లాంటి చిన్న బండ్లలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది. వెనక బ్రేకును కసిగా తొక్కితే వెనక చక్రం జారుతుంది. ఏబీఎస్ ఉంది గదా అని ధీమా పనికిరాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ప్రమాదం చూసి చెయ్యి బ్రేకు మీద పడడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ తర్వాత పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేస్తే ఇంకో 10 మీటర్లు. మొత్తం 21. అదే 60 మీద? సెకనుకు దాదాపు 17, బ్రేకు దూరం 23, మొత్తం 40. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆగే దూరం దాదాపు రెట్టింపయింది. ఫిజిక్సు పుస్తకంలో వేగం మీద వర్గం గుర్తు ఉండేది పరీక్ష కోసమే కాదు!

హాఫ్ క్లచ్, ఎనిమిది అంకె

ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానం దొరికితే మొదటి గేరులో, సగం వదిలిన క్లచ్చి మీద, నడక వేగంతో పోవడం సాధన చేయండి. ఇంజను చక్రంతో చెయ్యి కలిపీ కలపని ఆ స్థితే ట్రాఫిక్‌లో మనకు ప్రాణం. ఆ వేగంలో వెనక బ్రేకును కొద్దిగా ఆనించి ఉంచితే బండి నిలకడగా ఉంటుంది. ముందు బ్రేకు జోలికి పోవద్దు. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే 156 కిలోలు పక్కకు ఒరుగుతాయి. తర్వాత ఎనిమిది అంకె వేయండి. పొడవాటి బండికి సున్నాలు పెద్దవి కావాలి. చూపు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన వైపు ఉండాలి. కళ్లెటు పోతే బండి అటు పోతుంది.

వేగం పెరిగాక తీరు మారుతుంది. ఎడమకు పోవాలంటే ఎడమ హ్యాండిలును కొద్దిగా ముందుకు ఒత్తాలి. బండి ఎడమకే వంగుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, సైకిలు తొక్కిన ప్రతివాడూ తెలియకుండానే ఈ పని చేస్తున్నాడు. తెలిసి చేస్తే గుంత అడ్డొచ్చినప్పుడు తప్పించుకోగలం.

వానాకాలం గురించి ఒక మాట. తొలకరి జల్లుకు రోడ్డు మీది ఆయిలు, దుమ్ము కలిసి సబ్బులా అవుతాయి. మొదటి పావుగంట ఎక్కడైనా ఆగండి. రైలు పట్టాలను అడ్డంగా, నేరుగా దాటండి. ఆలుగడ్డ బావి లాంటి రైలు బ్రిడ్జీల కింద నీళ్లు నిలిస్తే, లోతు తెలియని నీళ్లలోకి దిగవద్దు. సైలెన్సరు మునిగితే బండి ఆగిపోవచ్చు. నీళ్ల కింద మ్యాన్‌హోలు మూత ఉందో లేదో ఎవరికి తెలుసు?

కొనడం, పోషించడం

సెకండ్ హ్యాండు బండి కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోవద్దు. "తమ్ముడూ, చల్లని ఇంజను స్టార్ట్ చేసి చూడు, వేడి ఇంజను అబద్ధం చెబుతుంది" అని రాణీగంజ్‌లో ఒక మెకానిక్ అన్న నాతో అన్నాడు. ఇంతకంటే మంచి సలహా నాకెవరూ ఇవ్వలేదు. చైను, స్ప్రాకెట్ పళ్లు, టైర్ల అరుగుదల, ఫోర్కు దగ్గర ఆయిలు కారుతుందేమో చూడండి. ఆర్.సి. మీది ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద వాటితో పోల్చండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. లోను ఉంటే ఫారం 35 కూడా. కొన్నవాడు 30 రోజుల్లోగా పేరు మార్పిడికి తెలియజేయాలి. ఇన్సూరెన్సు మార్పుకు 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. "తర్వాత చూద్దాంలే" అని వదిలేస్తే బండి మీది చలాన్లు పాతవాడికి, చిక్కులు ఇద్దరికీ.

చివరగా తలకాయ సంగతి

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం టూ వీలర్ల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. అనేక దేశాల పరిశోధనలను కలిపి తూచిన ఒక సమీక్షలో తేలిందేమిటంటే, హెల్మెట్ వల్ల మరణించే అవకాశం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం సుమారు 69 శాతం తగ్గుతాయి. 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్ తయారీ, అమ్మకం చట్టవిరుద్ధం. అయినా ఫుట్‌పాత్ మీద చవకగా దొరికే టోపీలు చలాను తప్పించుకోవడానికే గానీ తల కాచుకోవడానికి కాదు. గడ్డం కింద బెల్టు పెట్టుకోకపోతే మంచి హెల్మెట్ అయినా తలకంటే ముందే ఎగిరిపోతుంది.

మిత్రులారా, క్రూయిజరు అన్న మాటలోనే తొందర లేకుండా సాగిపోవడం అనే అర్థం ఉంది. ఆ బండి అందం కూడా అక్కడే ఉంది. తొందర ఉన్నవాడికి అది సరిపడదు. పోటీకి పోతే ఓడిపోతుంది, నెమ్మదిగా నడిపితే రాజులా మోస్తుంది. నేర్చుకునే ఆరు నెలలూ మన బండి వెనక సీటు ఖాళీగానే ఉండనివ్వండి. ఆ తర్వాత అమ్మను ఎక్కించుకుని ఆమె భయపడకుండా గుడికి తీసుకెళ్లి, తిరిగి ఇంటి ముందు దింపినరోజు, మీకు అసలైన లైసెన్సు వచ్చినట్టు!